పడవ రాని రేవు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం నాయనమ్మ, అమ్మ, తేసిక్ అన్నయ్య, సియోల్ నుంచి అన్నయ్యతో పాటు మూటాముల్లెతో దిగిన అతని స్నేహితులు బ్యోంగుక్ అన్న, మిరాన్ అక్క, నేను. బల్ల మీద ఉడికించిన పంది తల ఒకటి. నాన్న సముద్రం మీద ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు. కానీ ఆ వేసవంతా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది ఆయన మాటే.

"చుసొక్ పంటల పండగ నాటికి నీ ఆట నిలబడిందా, సరే. లేదంటే మారు మాట్లాడకుండా నా పడవెక్కు."

రేవులో కట్టేసి ఉన్న పడవ ఎక్కినా వాంతి చేసుకునే మనిషి మా అన్నయ్య.

ఇంటర్నెట్ తీగ మా ద్వీపానికి వచ్చిన రెండో వేసవి అది. సియోల్లో గది ఖాళీ చేసి, ముగ్గురూ కంప్యూటర్లు మోసుకొచ్చి మా పెద్దగదిలో పెట్టారు. వందలమంది ఒకేసారి కలిసి ఆడే ఆట తయారుచేశారు. లోకం ఒకటే, అందులో చాలా ద్వీపాలు, ఎవరి వేషం వాళ్ళది. సర్వర్ గ్వాంగ్జు నగరంలో ఒక కంపెనీ వాళ్ళ చల్లగదిలో ఉండేది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ లోకం మొదలవుతుంది. ఆ మీట నొక్కేముందు కొసా పూజ చెయ్యాల్సిందేనని నాయనమ్మ పట్టుబట్టింది. కొత్త పడవ నీళ్ళలోకి దించినా, కొత్త వల విప్పినా పంది తల పెట్టి మొక్కకుండా మా ద్వీపంలో ఎవరూ అడుగు ముందుకు వెయ్యరు.

అయితే కొసాకి పెట్టే తల నవ్వుతూ ఉండాలి. అమ్మ తెచ్చిన తల నవ్వడం లేదు.

"ఏందే ఇది! సవతి ఇంటికొచ్చినట్టుంది దీని మొహం," అంది నాయనమ్మ.

"నవ్వేవన్నీ అయిపోయాయన్నాడత్తయ్యా మాంసం కొట్టువాడు."

"రోజులట్లా ఉన్నాయి నాయనమ్మా, పందులకి కూడా నవ్వొచ్చే పరిస్థితి లేదు," అన్నాడు బ్యోంగుక్ అన్న.

"నువ్వు నోర్ముయ్యిరా. నీ మొహం పెడదామంటే అదీ పనికిరాదు."

నాయనమ్మ దాని పెదవుల కొసలు రెండు వేళ్ళతో పైకి లాగి, లోపల పుల్లలు గుచ్చింది. అప్పుడది పన్ను నొప్పి ఉన్నవాడు ఫోటోకి నవ్వినట్టు నవ్వింది. దాని నోట్లో డబ్బు కుక్కి, కల్లు పోసి, కంప్యూటర్ ముందు అందరం సాగిలపడ్డాం. "ఈ పెట్టెలో ఉండే స్వామీ, నువ్వెవరివో నాకు తెలవదు. నా మనవడికి జనాన్నియ్యి," అని మొక్కింది నాయనమ్మ. అన్నయ్య లేచి మీట నొక్కాడు. నేను మాత్రం పంది మొహమే చూస్తున్నాను. ఎడమవైపు పుల్ల జారి ఆ పక్క పెదవి కిందకి దిగిపోయింది. ఎవరూ చూడలేదు. నేను చెప్పలేదు. 

వేసవి చివర సియోల్ నుంచి పెద్ద కంపెనీ మనిషి ఒకాయన వచ్చి చూస్తాడు. అప్పటికి ఆటలో జనం ఉంటే వాళ్ళు తీసుకుంటారు. లేకపోతే గ్వాంగ్జులో సర్వర్ ఆపేస్తారు, లోకం ఆరిపోతుంది, అన్నయ్య పడవెక్కుతాడు. ఇంతే సంగతి. పెద్దగదిలో ఎవరు దగ్గినా నాకు ఈ సంగతే వినిపించేది.

*

వేసవి వర్షాలు దిగాయి. నాయనమ్మ గదిలో ఉన్న పాత కంప్యూటర్ నాకిచ్చారు. తప్పులుంటే చెప్పమన్నారు. ఆటలో పేరు పెట్టుకోమంటే 'ఆల్చిప్ప' అని పెట్టుకున్నాను. బళ్ళో నన్ను పిలిచే పేరే అది. పాఠం చదవమని లేపితే నా గొంతు మూసుకుపోతుంది, పుస్తకం పట్టుకుని నిలబడతాను, వెనక బెంచీలో ఎవరో "ఉడకబెడితే గానీ తెరుచుకోదు సార్," అంటారు.

ఆటలో ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి వెళ్ళాలంటే పడవే దారి. ఆ పడవ తీరిగ్గా వచ్చేది. అందుకోలేకపోయినవాళ్ళు మళ్ళీ కాచుకోవాలి. ఈ ఆలోచన అన్నయ్యకి ఎక్కడిదో అడగక్కర్లేదు. మా రేవులో గుల్లల పులుసుతో నూడుల్స్ అమ్మే కొట్టు అమ్మదే. అన్నయ్యా నేనూ పడవ కోసం కాచుకునేవాళ్ళ కాళ్ళ మధ్య పెరిగాం.

నేను గాయాలు మాన్పే వైద్యురాలిని. రాక్షసుల జోలికి పోయేదాన్ని కాదు. రేవులో మిరాన్ అక్క గీసిన లాంతరు కింద కూర్చునేదాన్ని. దెబ్బలు తగిలి వచ్చినవాళ్ళకి మాన్పేదాన్ని. నా లెవెల్ తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఆటలో నాకంటే చిన్నది కోడిపిల్లలే అనేవాడు బ్యోంగుక్ అన్న.

నాలాగే అందరివీ పెట్టుకున్న పేర్లే. రేవులో మాటలు ఇలా ఉండేవి.

"ఆల్చిప్పా, చెయ్యి తెగింది, కాస్త చూడు తల్లీ," అనేది ఉప్పుచేప. ఆవిడకి బుసాన్ సంతలో చేపల బజ్జీల కొట్టు ఉంది. నూనె కాగే లోపు ఆడేది.

"లారీ ఆపుకుని కూర్చున్నా. పడవొచ్చే లోపు నా క్యాబేజీలు వాడిపోతాయి," అనేవాడు పాత టైరు.

"మా వీధి కిమ్చీ పచ్చడంతా నీ చేతుల్లో ఉంది, నిద్రపోకు నాయనా," అనేది ఉప్పుచేప.

"పిన్నీ, నన్నేనా?" ఇతని పేరు నిద్రమత్తు. రెండోసారి పరీక్షకి చదువుతున్నాడు.

"నిన్ను కాదురా. నువ్వు పడుకో. ఎలాగూ తప్పుతావు."

"ఆల్చిప్పా, నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావేం? ఏ ద్వీపానికీ పోవా?"

"పడవ వస్తే పోతా," అని టైపు కొట్టేదాన్ని.

"ఇప్పుడే వచ్చి పోయింది కదే!"

"తర్వాతిదానికి."

తెర నిండా నవ్వులు. ఆ నవ్వులు తెప్పించింది నేనేనని చాలాసేపు నమ్మకం కుదిరేది కాదు. నూనె కాగిందని ఉప్పుచేప లేచి వెళ్తే, నేను వెళ్ళి నాయనమ్మ ఆరబెట్టిన మిరపకాయలు తిరగేసి వచ్చేదాన్ని.

*

ఆటకి ఒక బోర్డు ఉండేది, ఆడేవాళ్ళు అందులో ఏమైనా రాయొచ్చు. అన్నయ్య దాన్ని భోజనాల దగ్గర చదివి వినిపించేవాడు. చదువుతున్నంతసేపూ అతని చాప్‌స్టిక్స్ గిన్నె అంచు మీద టకటకమని కొట్టుకునేవి.

"'పడవ కోసం కూర్చుని కూర్చుని నా కాళ్ళకి ఊడలు దిగాయి' అట. 'ఇది ఆటా, బస్టాండా?' అట."

"బస్టాండులో లాంతర్లు బాగున్నాయని కూడా రాశారు. అది చదవవేం?" అంది మిరాన్ అక్క.

"అక్కా, లాంతర్ల కోసం ఎవరూ బస్టాండుకి రారు," అన్నాడు బ్యోంగుక్ అన్న.

"పడవ తీసేస్తా," అన్నాడు అన్నయ్య. "ప్రతి ద్వీపంలో ఒక రాతి ద్వారం పెడతా. ముట్టుకుంటే అవతలి ద్వీపంలో ఉంటారు. అందరూ అడిగేది అదే."

"అడిగింది వడ్డిస్తేనే ఎవరైనా మళ్ళీ వచ్చేదిరా," అంది అమ్మ. కొట్టు నడిపే మనిషి మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

"రేవులో మరి ఎవరుంటారు?" అన్నాను నేను.

"ఏందే?" అంది పక్కనున్న నాయనమ్మ.

"ఏం లేదు."

పడవ తీసేశారు. బోర్డు నిండా పొగడ్తలే. "ఇన్నాళ్ళకి మా మాట విన్నారు!" అని రాశారు. అన్నయ్య రెండు గిన్నెల అన్నం తిన్నాడు. బ్యోంగుక్ అన్న పెరట్లో నాయనమ్మ చెయ్యి పట్టుకుని గంతులేశాడు. నాకు ఊపిరాడింది. రేవు గురించి నా అనుమానమే తప్పనుకున్నాను.

తర్వాత బోర్డు మెల్లగా చప్పబడింది. తిట్లు లేవు, పొగడ్తలు లేవు. ఆటలో ఎటు చూసినా ఒక్కొక్కడే పరిగెత్తేవాడు. ద్వారం ముట్టుకుని, రాక్షసుణ్ణి చంపి, మళ్ళీ ముట్టుకుని పోయేవాడు. ఇద్దరు ఎదురుపడితే "జరుగు, ఆ రాక్షసుడు నాది," అనుకోవడమే మాట. అన్నయ్య తెర మీద ఒక మూలన ఆటలో ఎంతమంది ఉన్నారో అంకె కనిపించేది. ఒకరోజు చూస్తే ఆ మూలన కాగితం ముక్క అంటించి ఉంది.

నేను లాంతరు కిందే కూర్చున్నాను. ఎవరికీ దెబ్బలు తగలడం లేదని కాదు. దెబ్బలు తగిలినవాళ్ళు రేవు మీదుగా రావడం లేదు.

ఒక మధ్యాహ్నం ఉప్పుచేప వచ్చింది.

"ఆల్చిప్పా, ఉన్నావా? చెప్పి వెళ్దామని వచ్చా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు. రావడం మానేస్తున్నా. ఆట బాగానే ఉంది తల్లీ, ఏ లోపమూ లేదు. అన్నీ చకచకా అయిపోతున్నాయి. అయిపోయాక ఏం చెయ్యాలో తెలీడం లేదు."

నేను ఆవిడకి మాన్పే మంత్రం వేశాను. ఆవిడకి గాయమేమీ లేదు. "చల్లగా ఉందే," అని రాసి, తెర మీంచి ఆరిపోయింది.

ఆ సాయంత్రమే నాన్న పడవ నుంచి ఫోన్ చేశాడు. ఆ గొంతు ఫోన్ బయటికి కూడా వినిపించేది. "నీ పక్క సిద్ధం చేశాను. దుప్పటి నువ్వే తెచ్చుకో." అన్నయ్య "సరే నాన్నా," అన్నాడు. బ్యోంగుక్ అన్న ఆ రోజు ఒక్క జోక్ కూడా వెయ్యలేదు. మిరాన్ అక్క తన రంగు పెన్సిళ్ళు డబ్బాలో సర్దుకోవడం తలుపు సందులోంచి చూశాను. సియోల్ మనిషి ఎప్పుడొస్తాడో కబురు వచ్చేసింది.

*

మర్నాడు పొగమంచు దట్టంగా పట్టింది. మా రేవులో పడవలు ఆపేశారు. కొట్టు నిండిపోతుంది, రమ్మని అమ్మ పిలిచింది.

నూడుల్స్ గిన్నెలు అందిస్తూ ఉంటే అందరూ పడవ కంపెనీని తిడుతున్నారు. ఒక ముసలాయన అందరికంటే గట్టిగా తిడుతున్నాడు. తిడుతూనే పక్కనున్నావిడ సంచీలోంచి ఉడికించిన బంగాళాదుంప తీసుకుని తింటున్నాడు. ఆవిడెవరో ఆయనకి తెలియదు. ఇంతలో ఆవిడ చెల్లెలి ఊరూ ఈయన బావమరిది ఊరూ ఒకటేనని తేలింది. మూలన ఎవరి బిడ్డో ఎవరి ఒళ్ళోనో నిద్రపోయింది. ఆఖరికి మంచు విడిపోయి పడవ కూత వినిపించింది.

ఒక్కరూ లేవలేదు.

"ఉండవయ్యా, ఈ మాట అయిపోనీ," అంటున్నాడు ఆ ముసలాయన.

నేను గిన్నెలు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. పెద్దగది తలుపు ముందు నిలబడ్డాను. లోపల అన్నయ్య ఒక్కడే ఉన్నాడు, కాగితపు తలుపు మీద నీడ కనిపిస్తోంది. నోరు తెరిచాను. పాఠం చదవమన్నప్పటిలాగే అయింది. వెనక్కి తిరిగి నాయనమ్మ గదిలోకి వెళ్ళి, ఆట తెరిచి, ఆటలోంచే అన్నయ్యకి రాశాను.

"అన్నయ్యా."

"ఏంటే?" గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. "పక్క గదిలోనే ఉన్నావుగా, నోటితో అడుగు!"

"నోటితో రాదు," అని రాశాను.

 తర్వాత తెర మీద మాట వచ్చింది. "చెప్పు."

ఉప్పుచేప వెళ్ళిపోయిందని రాశాను. పాత టైరుకి చంటి కూతురు ఉందనీ, ఆ సంగతి పడవ ఆలస్యమైన రోజునే మాకు తెలిసిందనీ, ఆ పాప ఎలా ఉందో అడగడానికి ఇప్పుడు ఎవరూ కనపడరనీ రాశాను.

"పడవని రోజూ తిట్టింది వాళ్ళే కదా," అని రాశాడు.

"తిట్టడానికి రోజూ వచ్చేవాళ్ళు."

 వాన చూరు నుంచి కారుతోంది.

"అక్కడ ఎవరూ లేకపోతే నువ్వెందుకు కూర్చుంటున్నావు?"

 రాసింది చెరిపి మళ్ళీ రాశాను. "అక్కడ నేను ఎవరి చెల్లెల్నీ కాను. ఎవరికీ నా మొహం తెలీదు. అందుకే అడిగితే పలుకుతాను."

పెద్దగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు దగ్గర అడుగులు ఆగాయి. తలుపు తీస్తాడేమో, ఎదురుగా నిలబడి అడుగుతాడేమోనని చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

తియ్యలేదు. అడుగులు వెనక్కి వెళ్ళాయి. తర్వాత మీటలు నొక్కుతున్న చప్పుడు మొదలై చీకటి పడేదాకా ఆగలేదు. భోజనాల వేళకి బోర్డు మీద ఒక ప్రకటన ఉంది: ద్వారాలు తీసేస్తున్నాం, పడవ తిరిగొస్తుంది.

"సియోల్ ఆయన రావడానికి ముందు ఇదేం పిచ్చిరా! బోర్డు చూడు, ఉమ్మేస్తున్నారు!" అన్నాడు బ్యోంగుక్ అన్న.

"ఉమ్మెయ్యడానికైనా వచ్చారు కదా," అన్నాడు అన్నయ్య. అతని చాప్‌స్టిక్స్ మాత్రం టకటకలాడుతూనే ఉన్నాయి.

*

సియోల్ మనిషి వచ్చే రోజు పొద్దున్నే పడవని ఆటలోకి వదిలారు. అది సముద్రంలో సగం దూరం వచ్చి, కొండరాయి పక్కన ఇరుక్కుపోయింది. తొందరలో అన్నయ్య ఏదో తప్పు చేశాడు. పడవ కనిపిస్తుంది. రాదు.

అన్నయ్య మొహం ఆ పంది తల రంగులోకి మారింది. "సరిచెయ్యాలంటే లోకం మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. అందరూ బయటికి పడిపోతారు."

"పడనీ," అన్నాడు బ్యోంగుక్ అన్న. "చెడిపోయిన ఆట చూపిస్తామా ఆయనకి? ఆపు."

"పడినవాళ్ళు మళ్ళీ రాకపోతే?"

నేను నాయనమ్మ గదిలో నా తెర ముందు ఉన్నాను. ప్రకటన చూసి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే రేవుకి చేరుతున్నారు. చెక్కల మీద చోటు చాలక ఇసుకలోకి దిగి కూర్చుంటున్నారు.

"అదిగో పడవ. రాయికి మొక్కుకుంటోంది," అన్నాడు నిద్రమత్తు.

"పరీక్ష తప్పినవాడివి, నువ్వెళ్ళి నెట్టు."

"నోటీసు చూసి వచ్చా, ఆల్చిప్పా. ఒక చేత్తో బజ్జీలు తిప్పుతున్నా." ఉప్పుచేప!

"పాత టైరు ఏడీ? పాప ఎలా ఉంది?" అని రాశాను.

"పళ్ళొస్తున్నాయి. నా వేలు కొరికేసింది."

గోడ అవతల అన్నయ్య అంటున్నాడు: "సరే. ఆపేస్తున్నా."

"ఆపొద్దు!"

అరిచిందెవరో నాకు వెంటనే తెలియలేదు. వాకిట్లో నాయనమ్మ మిరపకాయల చేట కింద పెట్టి నా వైపు చూసింది. పెద్దగదిలో మీట నొక్కిన చప్పుడు రాలేదు. అప్పుడే గేటు దగ్గర ఎవరో, "తేసిక్ గారి ఇల్లు ఇదేనాండీ?" అని అడిగారు.

సియోల్ మనిషి మేంగ్ గారు అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చారు. పొగమంచుకి పడవ ఆగిపోయిందట. కోటు తడిసి ఉంది. ఒక చేతిలో తోలు సంచీ, ఇంకో చేతిలో పెద్ద వెల్లుల్లి జడ.

"అవతలి రేవులో ఒక అమ్మమ్మ ఇచ్చారు," అన్నారాయన, తనకే అర్థం కానట్టు దాన్ని చూసుకుంటూ. "పేరైనా అడగలేదు. వాళ్ళ మనవరాలి పెళ్ళి సంగతంతా చెప్పారు. వద్దన్నా వినలేదు."

"వినరండి," అంది అమ్మ, జడ అందుకుని చూరుకి తగిలిస్తూ.

పెద్దగది తలుపు మూశారు. గోడ అవతల మాటలు వింటూ నేను తెర ముందు కూర్చున్నాను. 

"ముందే చెప్తున్నానండి. పడవ చెడిపోయింది. తప్పు నాదే," అన్నాడు అన్నయ్య.

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నుంచి."

"మరి వీళ్ళంతా ఏం చేస్తున్నారు?"

"ఊరికే... కూర్చున్నారండి."

నా తెర మీద రేవు మొదట్లో ఒక కొత్తవాడు మొలిచాడు. బోడిగుండు, గోనెబట్ట. ఎటు నడవాలో తెలియక జనం మధ్యలోంచి తోసుకుంటూ చెక్కల చివరికి వచ్చాడు.

"ఎవరయ్యా ఇది, వరస తప్పి ముందుకొచ్చావు? పడవ నీ ఒక్కడి కోసం వస్తుందా?" అంది ఉప్పుచేప.

"క్షమించండి. ఎక్కడ కూర్చోవాలి?"

"ఆల్చిప్ప పక్కన చోటుంది. కొత్తవాళ్ళందరూ అక్కడే కూర్చుంటారు. దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. కొంచెం తడిశాను."

నేను మాన్పే మంత్రం వేశాను. గోడ అవతల మేంగ్ గారు బిగ్గరగా నవ్వారు.  మీటల చప్పుడు ఒకటే వినిపించింది. బోడిగుండాయన పాత టైరుకి పళ్ళొచ్చే పిల్లలకి ఏం ఇవ్వాలో చెప్తున్నాడు.

"హ్యోసన్! పుచ్చకాయ కోశాను, పట్టుకెళ్ళు," అని అమ్మ పిలిచింది.

ఆల్చిప్పని లాంతరు కింద అలాగే కూర్చోబెట్టి లేచాను. పళ్ళెం పట్టుకుని పెద్దగది తలుపు కాలితో జరిపాను. నలుగురూ ఒకే తెర ముందు వంగి ఉన్నారు. మేంగ్ గారు కోటు విప్పేశారు.

"నేను మా వాళ్ళకి చెప్తాను," అంటున్నారాయన. "మిగతావన్నీ తర్వాత చూసుకుందాం. రేవుని మాత్రం ముట్టుకోకండి."

బ్యోంగుక్ అన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మిరాన్ అక్క అతని వీపు మీద ఒక్కటి చరిచింది. అన్నయ్య మాత్రం కదల్లేదు.

"ఇంకొకటి. ఈ ఆల్చిప్ప ఎవరు?" మేంగ్ గారు తెర మీద వేలు పెట్టారు. "తొమ్మిదో లెవెల్ కూడా దాటలేదు, అందరూ ఈవిడ చుట్టూనే తిరుగుతున్నారు. ఒకసారి సియోల్ పిలిపించండి. ఫోటో తీసి, నాలుగు మాటలు మాట్లాడిస్తే..."

తెర మీద వరసగా మాటలు వస్తున్నాయి. 'ఆల్చిప్పా, నిద్రపోయావా?' 'ఆల్చిప్పా, నా మోకాలు చూడు.' 'లేపండర్రా ఆవిడని.'

నా చేతిలో పళ్ళెం పక్కకి ఒరిగింది. ముక్కల నీళ్ళు అంచు మీదుగా నా పాదాల మీద పడుతున్నాయి. అన్నయ్య తలెత్తి నన్ను చూశాడు, పళ్ళేన్ని చూశాడు. లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"తెలీదండి," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "ఆవిడెవరో మాకూ తెలీదు. అడిగితే పేరు చెప్పరు."

నా చేతుల్లోంచి పళ్ళెం అందుకున్నాడు. మోచేత్తో తలుపు నెట్టాడు. అది చప్పుడు లేకుండా జరిగి నా ముందు మూసుకుంది.